గోడ మీద పిలుపు

ఒక కోట ఉండేది, లోపల ఒక ఊరు. కోట చుట్టూ ఎప్పుడూ దట్టమైన పొగమంచు. గోడ మీద కావలి కాసే భటుడికి పక్క భటుడు కనిపించడు.

అందుకని ఒక పద్ధతి పెట్టుకున్నారు. రెండు చేతులూ నోటికి దొప్పలా పట్టి "ఉన్నాను!" అని అరవాలి. అది విని పక్కవాడూ అలాగే అరవాలి. పిలుపు గోడ చుట్టూ తిరుగుతూ ఉండేది. బురుజు మీద సేనాపతి వినేవాడు. ఎక్కడ తెగితే అక్కడికి కొరడాతో వెళ్ళేవాడు.

సేనాపతి చెడ్డవాడు కాదు. కొట్టే ముందు ప్రతిసారీ ఒకే మాట చెప్పేవాడు. "నా దెబ్బ నీ వీపు మీద పడుతుంది. నేను కొట్టకపోతే అది ఊరి మీద పడుతుంది."

రెండోసారి తప్పినవాణ్ణి మంచులోకి పంపి తలుపు మూయించేవాడు. అలా వెళ్ళినవాళ్ళు తిరిగి రాలేదు.

భటులకు అంబలి మోసే ఆవిడ కొడుకు కూడా ఆ గోడ మీదే ఉన్నాడు. ఈమధ్యే ఒకసారి దెబ్బలు తిన్నాడు. వీపుకు వెన్న రాసింది ఆవిడే. తర్వాత వాడి పిలుపు ఎప్పుడూ తప్పలేదు. కుండ కలుపుతూ వినేది. ఉన్నాడు, అనుకునేది.

ఒక పొద్దున అంబలి తీసుకుని వాడి దగ్గరికి వెళ్ళింది. గోడకు ఆనుకుని ఉన్నాడు. చేతులు నోటి దగ్గరే ఉన్నాయి. "ఉన్నాను!" అన్నాడు. కళ్ళు మూసుకుని ఉన్నాయి. నిద్రపోతున్నాడు.

చెబితే కొడుకు మంచులోకి పోతాడు. చెప్పకపోతే ఊరికి కాపలా లేదు. ఊళ్ళోనూ తల్లులు కన్న పిల్లలే ఉన్నారు.

కుండ దించి బురుజెక్కింది.

"దొరా, నా కొడుకు నిద్రపోతున్నాడు."

"పిలుపు వినపడుతూనే ఉందే!"

"నిద్రలోనే అరుస్తున్నాడు. మీ కొరడాకు నోరొక్కటే మేలుకుంది."

సేనాపతి లేచాడు. "నా దెబ్బ నీ కొడుకు వీపు మీద..."

"ఆ మాట నాకూ నోటికొచ్చు. ముందు మిగతా గోడ చూసి రండి."

వెళ్ళాడు. ఒకడు నిలబడి, ఒకడు బల్లేన్ని కౌగిలించుకుని, ఒకడు కూలబడి. పిలుపు మాత్రం సరిగ్గానే సాగుతోంది. తెరిచి ఉన్న కళ్ళు తక్కువ.

తిరిగి వచ్చి కూర్చున్నాడు. "అందర్నీ పంపేస్తే నేనొక్కణ్ణే మిగులుతాను. ఏం చెయ్యమంటావు?"

"పక్కవాణ్ణి తిన్నావా అని అడగమనండి. వాడు జవాబు చెప్పి ఆ పక్కవాణ్ణి అడగాలి. మీతో సహా."

"ఇది కాపలానా, పెళ్ళి బంతా?"

"ఒక్క పూట చూడండి దొరా."

ఆవిడే వెళ్ళి కొడుకును లేపింది, మిగతావాళ్ళనూ లేపి కొత్త పద్ధతి చెప్పింది. కోట తలుపు దగ్గర పిలుపు మొదలైంది. మొదట తడబడింది.

"తిన్నావా?"

"అంబలి. నీకేమన్నా పాయసం పోశారా?"

"పోశార్లే. నీ మోకాలు తగ్గిందా?"

"నీ గురక తగ్గింది, అదీ తగ్గింది."

గోడ మీద నవ్వు వినపడింది. మంచులో రాయి దొర్లితే ఇద్దరు ఒకేసారి, "ఏంటది?" అన్నారు.

పిలుపు బురుజు దాకా వచ్చింది. బురుజుకు ఇవతలి భటుడు తల పైకెత్తాడు.

"దొరా, తిన్నారా?"

సేనాపతిని ఆ మాట ఎవరూ అడిగి ఎరగరు. నోటికి అలవాటైనదే వచ్చింది. "నా దెబ్బ..." అని ఆగిపోయాడు.

"ఇంకా లేదు," అన్నాడు.

ఇప్పుడు ఆయన అడగాలి. బురుజుకు అవతల ఉన్నది ఆ కొడుకే. ఒక చెయ్యి నోటి దగ్గర పెట్టి పిలిచాడు. గొంతు మంచు దాటలేదు. రెండో చేతిలో కొరడా ఉంది.

దానివైపు చూశాడు. గోడ మీద పెట్టేశాడు. రెండు చేతులూ దొప్పలా పట్టాడు.

"వీపు ఎలా ఉందిరా?"

జవాబు లేదు. సేనాపతి కొరడా అందుకోలేదు. మళ్ళీ అడిగాడు.

"మండుతోంది దొరా," అని మంచులోంచి వచ్చింది. "మేలుకునే ఉన్నాను."