రికార్డులోని బావి

అనంతపురం వైపు ఒక కాలేజీలో మొక్కల రికార్డులు రాసే వన్నూరప్ప అనే ఉద్యోగి ఉండేవాడు; చూడనివి కూడా చూసినట్టు రాసేయడం అతని అలవాటు.

ఆ కాలేజీలో ఎండబెట్టిన మొక్కలను అట్టలకు అంటించి బీరువాల్లో దాచేవారు. మొక్క ఎక్కడ దొరికింది, చుట్టుపక్కల ఏముంది, దాని గుణమేమిటి అన్నీ ఆ అట్ట మీది చీటీలో రాయాలి. ఒకసారి ఇసుక దిబ్బల్లో పెరిగే అడవి జెముడును తెమ్మని వన్నూరప్పను పంపారు. ఎండకు జడిసి అతను దిబ్బల దాకా వెళ్లలేదు. రోడ్డు పక్క టీ కొట్టులో కూర్చుని, దారిన పోయేవాడి చేత ఒక కొమ్మ తెప్పించుకున్నాడు. చీటీలో మాత్రం, "మూడో దిబ్బ వెనక, బావి పక్కన దొరికింది. కొమ్మ విరిస్తే పాలు కారతాయి, హాని లేదు" అని రాశాడు. చీటీ నిండుగా కనిపించాలని ఆ బావిని తనే కల్పించాడు.

ఆరేళ్లు గడిచాయి. షమీమ్ అనే కొత్త లెక్చరర్ ఆ చీటీ చదివింది.

"ఈ మొక్క పూలతో సహా కావాలి. మీకు దారి తెలుసు కదా, రండి సార్" అంది. కాదంటే గుట్టు బయటపడుతుందని అతను బయల్దేరాడు.

షమీమ్ జీపును రోడ్డు పక్కన ఆపింది. నీళ్ల క్యాను చేతిలోకి తీసుకుని, మళ్లీ లోపల పెట్టేసింది.

"ఈ బరువెందుకు సార్? అక్కడ బావి ఉందిగా!"

నిజం చెప్పాల్సిన సమయం అదే. కానీ పరువు పోతుందని వన్నూరప్ప ఊరుకున్నాడు.

మిట్టమధ్యాహ్నానికి మూడు దిబ్బలు దాటారు. ఎటు చూసినా ఇసుకే. వాళ్ల అడుగుల గుర్తులను గాలి వెనకే చెరిపేస్తోంది. ఒకచోట జెముడు పొద కనిపించింది. షమీమ్ కొమ్మను వంచింది. అది టప్పున విరిగి, తెల్లని పాలు ఆమె కళ్లలోకి చిమ్మాయి.

"యా అల్లా! మంట! సార్, నాకేమీ కనిపించడం లేదు. బావి ఎటు? త్వరగా తీసుకెళ్లండి!"

"బావి లేదమ్మా" అన్నాడు వన్నూరప్ప.

"ఎండిపోయిందా?"

"ఎప్పుడూ లేదు. నేనిక్కడికి రానేలేదు. ఊహించి రాశాను."

"మరి... పాలు హాని చేయవని రాశారు?"

"అదీ ఊహించే రాశానమ్మా" అన్నాడు. మంట కంటే ఆ మాటే ఆమెను ఎక్కువ భయపెట్టింది.

అతను ఆమె చేయి పట్టుకుని నడిపించాడు. ఏ దిబ్బ దాటినా జీపు కనిపించలేదు. షమీమ్ రెండుసార్లు తూలిపడింది. ఆమె కళ్లు వాచి మూసుకుపోయాయి. "సార్, నన్ను వదిలి వెళ్లకండి" అని గొణిగింది. "ఎవరైనా ఉన్నారా? నీళ్లు!" అని అతను గొంతు పోయేలా అరిచాడు.

చివరికి దిబ్బ అవతల గొర్రెల అరుపు వినిపించింది. గొర్రెలు మేపుకుంటున్న సుంకమ్మ అనే ముసలామె పరుగున వచ్చింది.

"రుద్దొద్దు తల్లీ! కండ్లు తెరిచిపెట్టు" అంటూ తన సీసాలోని నీళ్లన్నీ పోసింది. "ఈ పాలు పడే మా పొట్టేలుకు కన్ను పోయింది. తెలుసుకోకుండా ఎట్ల వచ్చినారు?"

సుంకమ్మే వాళ్లను రోడ్డుకు చేర్చింది.

నాలుగు రోజులు అతను ఆసుపత్రి బెంచీ మీదే కూర్చున్నాడు. వార్డు తలుపు తెరుచుకున్నప్పుడల్లా ఉలిక్కిపడేవాడు. ఐదో రోజు షమీమ్ కళ్ల కట్టు విప్పారు. కుడి కన్ను బాగుపడింది. ఎడమ కంట్లో మసక మిగిలిపోయింది.

వన్నూరప్ప ప్రిన్సిపాల్ దగ్గరకు వెళ్లి, తాను కల్పించి రాసిన చీటీలన్నీ చూపించాడు. ఉద్యోగం పోయింది. వెళ్లేముందు షమీమ్‌ను క్షమించమని అడిగాడు.

"నాకు కోపం లేదు సార్" అందామె. "కానీ మీరు రాసినవాటిలో ఏది నిజమో ఇక ఎలా తెలుసుకోను?"

చూడనిదాన్ని చూసినట్టు రాయకూడదు; మన మాట నమ్మి అడుగు వేసేవారి ప్రాణం ఆ మాట మీదే నిలిచి ఉంటుంది.