పెన్‌డ్రైవ్ ముందు విస్తరి

పెన్‌డ్రైవ్‌లో మాణిక్యమ్మ పాట లేదు. సుగుణ మళ్లీ పైనుంచి కిందిదాకా వెతికింది.

సుగుణ ఉండే మఠానికి ఒకప్పటి గురువమ్మ మాణిక్యమ్మ పోయి పదేళ్లు. ఆమె పాడిన తత్వం ఆ ఒక్క పెన్‌డ్రైవ్‌లోనే ఉంది. మళ్లీ వినే ధైర్యం లేక వీరదాసు దాన్ని పెట్టెలో దాచుకున్నాడు. ఇప్పుడు ఆయనే మఠానికి గురువు. రేపు అమ్మ ఆరాధనకు అందరికీ వినిపించమని సుగుణ చేతికిచ్చాడు.

నిన్న ఇంకో నాలుగు పాటలు అందులోకి ఎక్కుతుండగానే, తొందరపడి పెన్‌డ్రైవ్ పీకేసింది సుగుణ. ఇవాళ పెట్టగానే, బాగుచేయమంటావా అని కంప్యూటర్ అడిగితే సరేనంది. బాగయ్యేసరికి పాట మాయం. పదిమందికి కంప్యూటర్ నేర్పే మనిషి చేసిన నిర్వాకమిది!

దాచిన ఫైళ్లు కూడా చూపించమని నొక్కింది. లేత రంగులో ఎన్నడూ చూడని ఫోల్డరు బయటపడింది. లోపల ఒకే ఫైలు. పేరు లేదు, ఒట్టి నంబరు. నొక్కితే తెరుచుకోలేదు.

"ఎవరిదో ఏందో సామీ, ముక్కూమొహం తెలుస్తలేదు. వైరస్ అయ్యుంటది. ముందు దీన్ని తీసేస్త," అంది ఏడుపు గొంతుతో.

వీరదాసు వంటింట్లోకి వెళ్లాడు. విస్తరి తెచ్చి కంప్యూటర్ ముందు పరిచి, నీళ్లు చిలకరించాడు.

"ఇదేంది సామీ?"

"ఎవరో తెల్వనోళ్లు వచ్చిండ్రంటివి గద," అన్నాడు నవ్వకుండా.

సుగుణ విస్తరి వంకే చూస్తూ ఉండిపోయింది. పన్నెండేళ్ల కింద ఇల్లు విడిచి, చెప్పుల్లేకుండా వచ్చి ఈ గుమ్మంలోనే నిలబడింది. లోపల ఎవరో పాడుతున్నారు. నువ్వెవరని ఒక్కరూ అడగలేదు. అన్నం తినేదాకా ఇక్కడ ఎవరినీ పేరు అడగరు. అది మాణిక్యమ్మ పెట్టిన పద్ధతి. ఆనాటి పచ్చిపులుసు రుచి ఇంకా నాలుక మీదే ఉంది.

తీసేయబోయిన ఫైలును మెల్లగా లాక్కొచ్చి, పాటలు వినిపించే దాంట్లో వదిలింది.

కాసేపు గరగర. తర్వాత తంబుర. చరణం మధ్యలోంచి మాణిక్యమ్మ గొంతు. పోయిందనుకున్న పాటే, పేరు పోగొట్టుకుని ఇక్కడ దాగింది. రెండు మాటలు పాడి ఆగింది.

"ఎవరో పిల్ల గుమ్మంల నిలబడ్డది. పాట తర్వాత గానీ, దాసూ, ముందు విస్తరెయ్యి."

గిన్నెల చప్పుడు. ఆపైన మళ్లీ పాట.

వీరదాసు కండువాతో కళ్లొత్తుకున్నాడు. సుగుణ ఫైలు మీది ఒట్టి నంబరును చూపించింది.

"దీనికేం పేరు పెట్టమంటరు సామీ?"

"పేరుకేం తొందర బిడ్డా," అన్నాడు వీరదాసు. "ముందు కడుపునిండ ఇందాం."