గరిక గడ్డం

అనగనగా ఒక అడవి. అడవంటే పులులు గాండ్రించే అడవి కాదు పిల్లలూ. తుమ్మచెట్లు, బలుసు పొదలు, నడుమ నడుమ నాపరాళ్లు. ఎటు చూసినా గొర్రెలూ మేకలూ. ఆ అడవి అంచున సుంకులమ్మ అనే కాపరి ఉండేది. ఆమెకు రెండు వందల గొర్రెలు, ఒక ఒంటిచెవి మేక, ఒక ఆడకుక్క.

ఆ కుక్క పేరు గరిక. దాని తల్లి వేటకుక్క. సన్నని నడుము, పొడుగాటి కాళ్లు, గాలితో పందెం వేసే రకం. తండ్రి మంద కుక్క. గరుకు బొచ్చు, మూతికి గడ్డం, ధ్యాసంతా గొర్రెల మీదే. గరికకు తల్లి కాళ్లు వచ్చాయి, తండ్రి గడ్డం వచ్చింది. ఎండిన గరికగడ్డిలా ముఖమంతా నిక్కబొడుచుకున్న ఆ వెంట్రుకలు చూసే సుంకులమ్మ దానికి ఆ పేరు పెట్టింది.

ఆ సీమలో ఒక ఆనవాయితీ ఉంది. మోదుగులు పూశాయంటే కుంటల్లో నీళ్లు అడుగంటుతున్నాయని అర్థం. అప్పుడు మూడు ఊళ్ల మందలు ఒక్కటై నది ఒడ్డు పచ్చికకు వలస పోతాయి. మళ్లీ వానలు పడ్డాకే తిరిగి రావడం. అంత మందకూ తోడు నడిచేవి రెండే కుక్కలు. దారిలో మనుషులకే అంబలి చాలీచాలకుండా ఉంటే, ఇక కుక్కలకెక్కడ పోస్తారు? ఒక చోటు భైరుడు అనే ముసలి కుక్కది. దారిలో ఏ బావిలో నీళ్లు ఉంటాయో దానికే తెలుసు. రెండో చోటు ఎవరిదో కుక్కల జాతరలో తేలుస్తారు. అందం చూస్తారు, మాట వినడం చూస్తారు, పరుగు చూస్తారు. మూడూ చూసి మంద పెద్ద కాటమయ్య ఒక కుక్క మెడలో ఇత్తడి గంట కడతాడు. గంట కట్టించుకున్న కుక్క మందతో పోతుంది. మిగతావి నాలుగు నెలలు ఖాళీ దొడ్లకు కాపలా.

ఖాళీ దొడ్డి అనగానే గరికకు గుండె గుభేలుమనేది. పుట్టినప్పటినుంచీ గొర్రెపిల్లల వెచ్చదనం పక్కన లేకుండా అది కునుకు తీసి ఎరుగదు. ఆ పిల్లలు దాని గడ్డంలో మూతులు దూర్చుకుని పడుకునేవి. దాన్ని "గరికత్తా" అని పిలిచేవి.

"ఎట్లాగైనా ఆ గంట నాకే రావాలి అక్కా" అంది గరిక, ఒంటిచెవి మేకతో.

"వస్తే వస్తుంది, రాకపోతే లేదు. ఆ చిగురు కాస్త ఇటు వంచు" అంది మేక. దానికి తిండి ముందు, లోకం తర్వాత.

జాతరకు ముందురోజు కుంట దగ్గర గరికకు బాణం కనబడింది. బాణం అచ్చమైన పరుగుకుక్క. ఒళ్లు నున్నగా, అద్దంలా మెరుస్తుంది.

"నువ్వూ వస్తున్నావా జాతరకు?" అంది బాణం. "ఇంతకీ నీది ఏ జాతి?"

"మా అమ్మ వేటకుక్క" అంది గరిక గర్వంగా.

"అమ్మ సంగతి సరే. ఆ గడ్డం ఎవరిది?"

గరికకు తండ్రిదని చెప్పడానికి మొదటిసారి సిగ్గేసింది. నీళ్లలో తన నీడ చూసుకుంది. నిన్నటిదాకా అది గడ్డం. ఇవాళ చీపురుకట్టలా కనబడింది.

బాణం చెడ్డదేమీ కాదు. జాలిపడి సలహా కూడా ఇచ్చింది. "చూడు, గెలవాలంటే పెద్దింటి కుక్కలా ఉండాలి. ఒళ్లు నున్నగా పెట్టుకో. పిలవగానే పరుగెత్తకు, అది మంద కుక్కల పని. మూడు ఈలలైనా వేయించుకో. పరువు అంటే అదీ."

గరిక నేరుగా ఇంటికి పోయింది. సుంకులమ్మ గుడిసె వెనక ఆముదం కుండ ఉంది. మూతి అందులో ముంచింది.

"అక్కా, నాకు ఈ గడ్డం నున్నగా నాకి పెట్టవా?" అంది మేకతో.

మేక ఒకసారి నాకింది. మొహం అదోలా పెట్టింది. "మే గరికా, నేను జిల్లేడాకు తిన్నాను, తాటిపీచు తిన్నాను, సుంకులమ్మ చెప్పు కూడా తిన్నాను. ఇంత పాడు రుచి ఎన్నడూ చూడలేదు."

"నా కోసం అక్కా."

మేక తిట్టుకుంటూనే నాకింది. తెల్లవారేసరికి గరిక ముఖం తడిసిన ఎలుకలా అణిగిపోయి ఉంది. సుంకులమ్మ చూసింది, ముక్కు మూసుకుంది. వలసకు ముందు పసుపు నీళ్లు చల్లించాల్సిన ముప్పై గొర్రెపిల్లల్ని తోలుకుని, కుక్కనూ మేకనూ వెంటబెట్టుకుని జాతరకు బయలుదేరింది.

జాతర నాపరాళ్ల గుట్ట కింది మైదానంలో. డప్పులు, బొరుగుల అంగళ్లు, జనం. గొర్రెపిల్లల్ని ముళ్లకంపల దొడ్డిలో పెట్టి, దారికి అడ్డంగా పచ్చి వేపమండల కట్ట వేశారు. మేకను ఆ పక్కనే గుంజకు కట్టేశారు.

మొదట అందం పోటీ. కుక్కలన్నీ వరసగా నిలబడ్డాయి. కాటమయ్య ఒక్కో కుక్క వీపు నిమురుతూ వచ్చాడు. గరిక తల నిమిరి, చెయ్యి చూసుకున్నాడు. జిగటగా మెరుస్తోంది. వాసన చూశాడు.

"ఏం సుంకులమ్మా, కుక్కను తెచ్చినావా, దీపం కుందె తెచ్చినావా?" అన్నాడు. "ఒత్తి కూడా వేసి ఉంటే వెలిగిద్దుము కదా."

జనం ఘొల్లున నవ్వారు. అందానికి బాణం మెడలో మోదుగుపూల దండ పడింది.

రెండోది మాట పోటీ. కుక్క ముందు పాలన్నం గిన్నె పెడతారు. తినడం మొదలుపెట్టగానే దాని మనిషి దూరంనుంచి ఈల వేయాలి. గిన్నె వదిలి వచ్చిన కుక్కకే దండ.

బాణం గిన్నె నాకడం పూర్తి చేసి, మూతి తుడుచుకుని, తీరిగ్గా వచ్చింది. తర్వాత మొద్దు అనే మంద కుక్క వంతు. నల్లగా, లావుగా, ఎలుగుబంటి పిల్లలా ఉంటుంది. మొదటి ఈలకే మూతికి అన్నం మెతుకులతో దొర్లుకుంటూ పోయింది.

గరిక వంతు వచ్చింది. సుంకులమ్మ ఈల వేసింది. గరిక కాళ్లు వాటంతటవే లేచాయి. అంతలో బాణం మాట గుర్తొచ్చింది. కాళ్లను అదిమిపట్టి కూర్చుంది. రెండో ఈల. అటు తిరిగి, ఆకాశం చూసింది. మూడో ఈలకు మెల్లగా లేచి నడిచింది.

సుంకులమ్మ తిట్టలేదు. కొంగుతో దాని ముఖం తుడిచింది. "ఏమ్మా, చెవుల్లోకి కూడా పోయిందా ఆముదం?" అంది. "మీ నాయన గిన్నె వదిలి రావడం కాదే, నిద్ర వదిలి వచ్చేవాడు."

ఆ మాట గరికకు ఈటెలా దిగింది. మాట పోటీలో దండ మొద్దుకు పడింది.

మొద్దు మెల్లగా పక్కకు వచ్చి అడిగింది. "ఎందుకు ఆగినావు చెల్లీ? నీ కాళ్లు లేవడం నేను చూసినా."

గరిక తల వంచుకుని పరుగు పందెం వైపు నడిచింది. ఇక మిగిలింది పరుగు ఒక్కటే. అది కూడా పోతే ఖాళీ దొడ్డే. నాలుగు నెలలు.

పరుగు పోటీ ఎట్లా పెడతారో తెలుసా పిల్లలూ? పాత గొంగడి ముక్కను కుందేలులా మూటకడతారు. దానికి పొడుగాటి తాడు కడతారు. తాడు రెండో కొసను, తలకిందులుగా నిలబెట్టిన సైకిలు చక్రానికి చుడతారు. ఒక మనిషి పెడలు గిరగిరా తిప్పుతాడు. మూట నేలమీద కుందేలులా ఎగురుతూ పరుగెడుతుంది. దాని వెనక కుక్కలు. ముందుగా పట్టినదే గెలుపు.

డప్పు మోగింది. మూట ఎగిరింది. కుక్కలు దూకాయి.

బాణం నిజంగా బాణమే. ముందుకు దూసుకుపోయింది. అయితే గరిక కాళ్లు కూడా తక్కువవి కావు. అవి దాని తల్లి కాళ్లు. నేలను తాకీతాకనట్టు, చెవులు వెనక్కి వాలిపోయి, గాలి ఈలవేస్తుంటే ఉరికింది. ఆముదం మరిచిపోయింది, పరువు మరిచిపోయింది. ఒళ్లంతా సంతోషమే. సగం దూరంలో బాణం తోకను దాటింది. ఇంకొంచెం పోయాక నడుమును దాటింది. మెడకు మెడ కలిపింది. మూట రెండు బారల దూరంలో ఎగురుతోంది.

సరిగ్గా అప్పుడే కుడివైపు కంటికొసన తెల్లగా ఏదో కదిలింది.

గొర్రెపిల్లలు. ముప్పై పిల్లలూ బయటే ఉన్నాయి. దొడ్డికి అడ్డం వేసిన వేపమండల కట్ట కనబడలేదు. కట్ట ఉండాల్సిన చోట ఒంటిచెవి మేక నిలబడి ఉంది. దాని నోట్లోంచి చివరి రెమ్మ వేలాడుతోంది. చూశారా, పచ్చి మండలతో తలుపు వేసి, పక్కనే మేకను కట్టేస్తే ఏమవుతుందో!

డప్పులకు బెదిరి పిల్లలు గుట్టవైపు పరుగెడుతున్నాయి. అటు నాపరాళ్లు తవ్విన గొయ్యి ఉంది. మూడు నిలువుల లోతు. జనమంతా పందెం చూస్తున్నారు. డప్పుల హోరులో సుంకులమ్మ కేక సుంకులమ్మకే వినబడదు.

బాణం కంటికి మూట తప్ప ఇంకేమీ కనబడలేదు. అది దాని తప్పు కాదు, దాని చూపు అట్లాంటిది. మొద్దు మాత్రం చూసింది. చూసిన వెంటనే పరుగు తీసింది కూడా. కానీ దాని పొట్ట ముందు పోవాలి, తర్వాత అది పోవాలి.

మూట ఒక్క బారలో ఉంది. పడితే గంట దక్కవచ్చు. గరిక మూట వదిలేసింది.

అది పిల్లల వెనక పడలేదు. వెనక పడితే ఇంకా బెదిరి పరుగెడతాయి. గొయ్యి అంచుకు చుట్టు తిరిగి, వంకీకత్తిలా వంపు తీసుకుని ఉరికింది. ఆ వంపు దానికి ఎవరూ నేర్పలేదు. అది తండ్రి పరుగు. తండ్రి వంపులో తల్లి కాళ్లు పరుగెత్తాయి. పిల్లలకూ గొయ్యికీ నడుమ వచ్చి, పొట్ట నేలకు ఆనించి పడుకుంది.

పిల్లలు ఆగలేదు.

"ఎవరే ఇది?" అంది ముందున్న పిల్ల. "నున్నటి మూతి, పాడు వాసన. తప్పుకుని పోదాం పదండి."

గరికకు అర్థమైంది. తన పిల్లలే తనను గుర్తుపట్టలేదు. వెంటనే ముఖాన్ని ఎర్రమట్టిలో అటూ ఇటూ రుద్దింది. పొర్లింది. లేచి ఒళ్లు గట్టిగా విదిలించింది. మట్టి ఆముదాన్ని పీల్చింది. గడ్డం వెంట్రుక వెంట్రుకా నిక్కబొడుచుకుని, పాతదానికన్నా రెండింతలై లేచింది.

ముందున్న పిల్ల టక్కున ఆగింది. వెనక వాటి తలలు ముందు వాటి తోకలకు కొట్టుకున్నాయి.

"ఓ, నువ్వా గరికత్తా!" అంది పిల్ల. "ముందే చెప్పొద్దూ."

"పదండి, ఇంటికి పదండి" అంది గరిక, ఊపిరి తీసుకుంటూ. ఆ గడ్డాన్నే అటూ ఇటూ ఊపుతూ పిల్లల్ని ఒక ముద్దగా చేసి వెనక్కి తోలింది. సగం దారిలో మొద్దు ఎదురొచ్చింది. నాలుక నేలకు వేలాడుతోంది.

"నేను వస్తూనే ఉన్నా చెల్లీ" అంది రొప్పుతూ.

"వచ్చినావుగా అన్నా. ఆ ఎడమ పక్క చూసుకో" అంది గరిక.

డప్పులు ఆగిపోయాయి. జనమంతా నిలబడి చూస్తున్నారు. మేక గుంజ పక్కన, తనకేమీ తెలియనట్టు నెమరేస్తోంది. సుంకులమ్మ పిల్లల్ని లెక్కపెట్టింది. ముప్పై. మళ్లీ లెక్కపెట్టింది. ముప్పైయే. అప్పుడు కూలబడి గరిక మెడ చుట్టూ చేతులు వేసింది.

కాటమయ్య గంట తీసుకుని వచ్చాడు. గుంపులోంచి ఒకాయన అన్నాడు: "అందం బాణానిది, పరుగు కూడా బాణానిదే. ఈ కుక్క ఈలకు మూడోసారికి గానీ రాలేదు కదా మామా?"

"నిజమే" అన్నాడు కాటమయ్య. "అయితే ఇందాక ఈల ఎవరు వేసినారు?"

జనం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"ఎవరూ వేయలేదు. ఎవరూ వేయని ఈలకు వచ్చింది ఇది. బాణం అంత దూరం పోగలదు, పిల్లల్ని తిప్పలేదు. మొద్దు తిప్పగలదు, అంత దూరం పోలేదు. సుంకులమ్మా, దీని కాళ్లు ఎవరివి?"

"వాళ్లమ్మవి."

"గడ్డం?"

సుంకులమ్మ చెప్పేలోపే గరిక తల ఎత్తి, గడ్డం ముందుకు చాచి "భౌ" అంది. మా నాయనది, అని. మనుషులకు ఆ మాట తెలియకపోయినా అందరికీ అర్థమైంది. కాటమయ్య ఆ గడ్డం కిందే గంట కట్టాడు.

బాణం మూటను నోట కరుచుకుని వచ్చింది. దాన్ని గరిక ముందు పెట్టింది.

"ఆ వంకర పరుగు నాకూ నేర్పుతావా?" అంది.

"వానలకు తిరిగొచ్చాక నేర్పుతా" అంది గరిక. "గడ్డం మాత్రం నేర్పితే వచ్చేది కాదు."

మూడోరోజు పొద్దున్నే మంద కదిలింది. ముందు భైరుడు, వెనక గరిక. గణగణమని గంట. గడ్డంలో రెండు పల్లేరు కాయలు, ఒక మోదుగు రేకు. ఒంటిచెవి మేక దాని పక్కనే నడుస్తూ, "గంట తాడు ఏ నారతో పేనినారే?" అని అడిగింది.

"దీని జోలికి రాకు అక్కా" అంది గరిక. రెండూ నవ్వుకుంటూ నది దారి పట్టాయి.

నీతి: మనలో ఏ సగాన్ని సిగ్గుపడి దాచుకుంటామో, ఆపదలో ఆ సగమే అక్కరకు వస్తుంది. అమ్మ ఇచ్చినదీ నాన్న ఇచ్చినదీ రెండూ తలెత్తి మోయాలి.