గోల లేని కల్లు దుకాణం

వాగు అవతలి గట్టున, ఏడు ఇప్పచెట్లున్న మెరక మీద, నక్క జంబులయ్య కల్లు దుకాణం నడిపేవాడు. దుకాణమంటే పెద్ద హంగేమీ లేదు. రాలిన ఇప్పపువ్వుని రాతిగుంటలో నీళ్ళుపోసి నానబెట్టేవాడు. మూడోరోజుకి గుంట పొంగేది, నాలుగోరోజుకి అడవి పొంగేది. ఒక చెట్టు మానుకి ఎద్దు గిట్ట ముద్ర పడిన బెరడు ముక్క ఒకటి వేలాడేది. అదే అనుమతి పత్రం. అది వేలాడినంత కాలం జంబులయ్యకి పండగే.

ఎందుకంటే కల్లుకి బదులుగా ఎలుగుబంటి తేనెపట్టు తెచ్చేవాడు, అడవిపంది దుంపలు తవ్వుకొచ్చేవాడు, కాకులు ఊళ్ళోంచి చేపముక్కలు ఎత్తుకొచ్చేవి. కూర్చున్నచోటికే కూడు వచ్చేస్తుంటే వేటెందుకని జంబులయ్య పరుగు మానేసి రెండేళ్ళయింది. పొట్ట వచ్చింది. ఇప్పుడు వాగులో ఎండ్రకాయ వెంట పడినా ఆయాసం వస్తుంది. దుకాణం పోతే బతుకు ఏమిటో తలుచుకోవడానికి కూడా ఆయనకి ఇష్టం లేదు.

వచ్చిన చిక్కల్లా గోల. రెండు దొప్పలు పడితే గాడిద గవరయ్యకి తను గాయకుణ్ణన్న సంగతి గుర్తొచ్చేది. మూడో దొప్పకి ఎలుగుబంటీ అడవిపందీ కుస్తీకి దిగేవాళ్ళు. కాకులు సగం అటూ సగం ఇటూ చేరి తీర్పు చెప్పేవి. ఇదంతా పట్టపగలే. పొద్దుగూకితే జంబులయ్య దుకాణం కట్టేసేవాడు, ఆ విషయంలో ఆయనకి వంక పెట్టడానికి లేదు. పగటి గోల ఎవరికి అడ్డం అని అడిగేవాళ్ళు ఒకసారి రాత్రి ఉద్యోగం చేసి చూడాలి.

మూడో ఇప్పచెట్టు తొర్రలో గుడ్లగూబ అంకమ్మ కాపురం. చెట్టు కింద బొరియలో ఏదుపంది ముత్యాలు. ఇద్దరూ రాత్రంతా తిరిగి తెల్లారాక పడుకునేవాళ్ళే. అంకమ్మకి ముగ్గురు పిల్లలు. పగలు కన్ను మూతపడక, మొన్నామధ్య ఎలుక మీదికి దూకుతూ దూకుతూ గాల్లోనే కునుకు తీసి మోడుకి గుద్దుకుంది. రెండు రాత్రులు పిల్లలకి ముద్ద లేదు. అవి ఏడుస్తుంటే తల్లికీ ఏడుపొచ్చింది. ఏడ్చి ఊరుకోకుండా, దుకాణం అనుమతి మళ్ళీ పరిశీలించమని అర్జీ పెట్టింది.

సంగతి తెలిసి జంబులయ్య తొర్ర కిందికి వెళ్ళాడు.

"ఏం వదినా, ఇరుగుపొరుగు అన్నాక మనలో మనం మాట్లాడుకోకూడదా? అర్జీలదాకా దేనికి?"

"నాలుగుసార్లు మాట్లాడాను, మరిదీ. నాలుగుసార్లూ గవరయ్య పాటలో నా మాట నీకు వినపడలేదు."

"చెవుల్లో కాస్త దూది పెట్టుకుంటే సరిపోయేది."

"మాకు చెవులే కూడు పెట్టేది" అంది అంకమ్మ.

అర్జీ ఎద్దు కోటిలింగం దగ్గరికి వెళ్ళింది. కోటిలింగం ఇరవై ఏళ్ళు నాగలి లాగి, ఇక చాలనుకుని అడవికి వచ్చినవాడు. ఏ పనీ తొందరపడి చెయ్యడని తెలిసే అడవి పెద్దలు ఆయనకి అనుమతుల పని అప్పగించారు. అర్జీ విని, పూర్తిగా నెమరువేసి, వారం తర్వాత గురువారం మిట్టమధ్యాహ్నం స్వయంగా వచ్చి చూస్తానని కబురు పంపాడు. చెప్పాపెట్టకుండా ఒకరి దుకాణానికి వెళ్ళడం మర్యాద కాదని ఆయన అభిప్రాయం. తనిఖీ చేసే పెద్దలందరికీ ఈ మర్యాద ఉంటుంది కాబట్టే లోకంలో ఇన్ని దుకాణాలు చల్లగా నడుస్తున్నాయి.

వారం చాలు జంబులయ్యకి. కొండ అవతల ఏదో పెళ్ళిలో పాడేవాళ్ళు కావాలట అని చెప్పి గవరయ్యని గురువారం పొద్దున్నే పంపించేశాడు. పాట వినడానికి కాదుగానీ విందుకని మిగతావాళ్ళంతా వెంట వెళ్ళారు. మరి దుకాణం బోసిగా ఉంటే అనుమానం రాదూ? అందుకని నోట్లో నాలుక లేనివాళ్ళని వెతికి పట్టుకొచ్చాడు. తాబేలు చలమయ్య వచ్చాడు. ఎవరితోనూ పేచీ పెట్టుకోని ఊసరవెల్లి వచ్చింది. అయిదు కుందేళ్ళు మాత్రం రామంటే రామన్నాయి, పిలిచింది నక్క కాబట్టి. ఒక నెలపాటు మీ జోలికి రానని చెవులు పట్టుకుని ఒట్టు వేస్తే, వణుక్కుంటూ వచ్చాయి. ఏడుగురినీ చుట్టూ కూర్చోబెట్టి, ఏడు దొప్పల్లో మంచినీళ్ళు పోసి, కల్లు తాగుతున్నట్టు మొహం పెట్టమన్నాడు.

కోటిలింగం వచ్చాడు, వెంట రాతకోతలు చూసే వడ్రంగిపిట్ట వచ్చింది. ఎద్దు చెట్టు నీడలో చతికిలబడి చెవులు రిక్కించాడు. ఆకు కదిలితే వినపడేంత నిశ్శబ్దం. కాసేపటికి ఆయనకి కునుకు కూడా పట్టింది. అరగంటకి లేచి, ఈమధ్య ఇంత హాయిగా నిద్రపోలేదన్నాడు. బొరియ ముందు అంకమ్మ పక్కనే కూర్చున్న ఏదుపంది ముత్యాలుకి ఒళ్ళు మండిపోయింది.

"రోజూ ఇలాగే ఉంటుందా?" కోటిలింగం అడిగాడు.

"రోజూ ఇంతేనయ్యా. గుళ్ళోనైనా గంట మోగుతుంది, నా దగ్గర అదీ లేదు."

"వచ్చేది వీళ్ళేనా?"

"వీళ్ళు తప్ప పురుగు రాదు. నేనన్నది అబద్ధమైతే ఆ బెరడు మీ గిట్ట కింద వేసి తొక్కెయ్యండి."

ముత్యాలు ముళ్ళన్నీ విప్పి లేవబోయింది. అంకమ్మ రెక్క అడ్డం పెట్టింది. నిద్రలేక ఎర్రబడ్డ కళ్ళతో ఏడుగురినీ ఒకసారి కలియజూసి, నెమ్మదిగా ముందుకొచ్చింది.

"మరిది చెప్పేది నిజమే అయ్యుంటుందయ్యా. నిద్రమత్తులో నేనే పొరబడ్డానేమో."

"ఏంటక్కా, నువ్వు కూడా వాడి తేనె నాకావా?" అని ముత్యాలు కసిరింది.

అంకమ్మ వినిపించుకోలేదు. "నాది ఒక్కటే మనవి. ఆయన నోటితో చెప్పిందే ఆ బెరడు మీద చెక్కించండి. అంతకుమించి ఏమీ వద్దు."

జంబులయ్యకి నవ్వు ఆగలేదు. ఇంత తేలిగ్గా తేలిపోతుందని తెలిస్తే వారంపాటు కడుపులో దిగులు పెట్టుకునేవాడే కాదు. చెక్కించండయ్యా, పేర్లతో సహా చెక్కించండి అన్నాడు. చలమయ్య పేరు చెప్పాడు, ఊసరవెల్లిని చూపించాడు, కుందేళ్ళ దగ్గర తడబడ్డాడు.

"రోజూ వచ్చేవాళ్ళ పేర్లు తెలీవా?" అన్నాడు కోటిలింగం.

"రోజుకో ముద్దుపేరు పెట్టి పిలుస్తానయ్యా, అసలు పేర్లు మరిచిపోయాను."

కుందేళ్ళే తమ పేర్లు చెప్పుకున్నాయి. వడ్రంగిపిట్ట టకటకా చెక్కింది. ఆఖరి పేరు అయ్యాక అంకమ్మ మళ్ళీ నోరు విప్పింది. "కుందేళ్ళు మెత్తని ప్రాణులు కదయ్యా. వీళ్ళలో ఒకరు తగ్గినా దుకాణానికి ఈ నెమ్మది ఉండదేమో. అది కూడా కాస్త చూడండి."

కోటిలింగం చాలాసేపు నెమరువేశాడు. తర్వాత లేచి నిలబడి ఉత్తర్వు చెప్పాడు.

"దుకాణదారు తనంతట తాను చెప్పుకున్న ప్రకారం, ఈ ఏడుగురికి తప్ప ఎవరికీ చుక్క పొయ్యకూడదు. ఈ ఏడుగురూ రోజూ రావాలి. ఒక్కరు తగ్గినా, ఒక్క గొంతు పైకి లేచినా, అనుమతి రద్దు."

జంబులయ్య నవ్వు మూతి దగ్గరే ఆగిపోయింది. ఎలుగుబంటి తేనెపట్టు కళ్ళముందు తిరిగింది. దాని వెనకే దుంపలూ చేపముక్కలూ తిరిగాయి.

"అయ్యా, అప్పుడప్పుడూ ఆ గవరయ్య కూడా..."

"వస్తాడా? వస్తే ఇందాక చెప్పింది అబద్ధం." కోటిలింగం బెరడు మీదికి గిట్ట ఎత్తాడు. "అబద్ధమైతే తొక్కెయ్యమన్నావు."

"రాడయ్యా. గవరయ్యంటే ఎవరో కూడా నాకు తెలీదు."

గిట్ట దిగింది, తొక్కడానికి కాదు, ముద్ర వెయ్యడానికి. ముత్యాలు అప్పటికి గ్రహించి, ముళ్ళన్నీ ముడుచుకుని, బొరియలోకి పోయి నవ్వింది. అంకమ్మకి నవ్వే ఓపిక కూడా లేదు. తొర్రలోకి వెళ్ళి పిల్లల్ని రెక్క కిందికి లాక్కుని ఒళ్ళు తెలియకుండా పడుకుంది.

మర్నాడు పొద్దున్నే గవరయ్య వచ్చాడు. పెళ్ళీ లేదు గిళ్ళీ లేదని మండిపడుతూ వచ్చాడు. జంబులయ్య రెండు కాళ్ళూ పట్టుకుని, గొంతెత్తొద్దని బతిమాలి, వెనక్కి పంపేశాడు. ఎలుగుబంటి తేనెపట్టు చంకలో పెట్టుకుని వచ్చినవాడు అలాగే తిరిగి వెళ్ళాడు. అడవిపంది దుంపలు తనే తినేశాడు. కాకులు రెండు మాటలు అని ఊరివైపు ఎగిరిపోయాయి.

ఎండెక్కాక, ఉత్తర్వు ప్రకారం, చలమయ్య నిదానంగా చేరుకున్నాడు. ఊసరవెల్లి వచ్చి కొమ్మ పట్టుకుంది. అయిదు కుందేళ్ళూ వచ్చాయి, నిన్నటి వణుకు లేదు. వాటిలో అందరికంటే బొద్దుగా ఉన్నది సరిగ్గా జంబులయ్య మూతి ముందు కాళ్ళు బారజాపి కూర్చుంది. దాని మెడ మీద మడత పడింది. పొద్దున్నుంచీ ఏమీ తినని జంబులయ్య ఆ మడతనే చూస్తున్నాడు.

"మావా, కల్లు మాకు పడదు గానీ, మంచినీళ్ళుంటే పొయ్యి" అంది కుందేలు.

జంబులయ్య గుటకలు మింగి, దొప్ప తీసుకుని, నీళ్ళు ముంచడానికి వాగుకి బయలుదేరాడు.

అబద్ధానికి సాక్షుల్ని తెచ్చుకునేవాడు, రేపటి నుంచి వాళ్ళతోనే బతకాల్సి వస్తుందని తెలిసి తెచ్చుకోవాలి.