బల్లకట్టు మునిగిన లోతు

“ముందే తెలిసి చెప్పినవాడిది తప్పా, విని ఊరుకున్నవాడిది తప్పా?” అని భుజంగరావు తన గురువుగారు నిరంజనస్వామిని అడిగాడు.

అతడు పోలీసు నిఘా విభాగంలో అధికారి. రైల్వే స్టేషనులో ఉగ్రవాదులు పెట్టిన బాంబుకు పంతొమ్మిది మంది పోయారు. అంతకు పదకొండు రోజుల ముందే ఒక హెచ్చరిక అతని చేతికి వచ్చింది. చదివాడు, సంతకం పెట్టాడు, పైఅధికారికి పంపాడు. తెల్లవారితే విచారణ సంఘానికి వాంగ్మూలం ఇవ్వాలి. ‘నా విధి నేను నిర్వర్తించాను’ అని రాసిన కాగితం జేబులో ఉంది. సంతకం ఒక్కటే మిగిలింది.

స్వామి ఆ కాగితం అడిగి తీసుకున్నారు. చదవకుండానే ఒడిలో పెట్టుకుని ఈ సంగతి చెప్పారు.

పూర్వం కృష్ణ ఒడ్డున ఒక కోట ఉండేది. సంతకు వచ్చే బండ్లను పోలయ్య అనేవాడు బల్లకట్టు మీద ఏరు దాటించేవాడు. బండి ఎక్కగానే బల్లకట్టు ఎన్ని వేళ్లు మునిగిందో చూసి లోపలి సరుకేమిటో చెప్పగలడు. ఒక సంతనాడు ఉదయం మూడు గడ్డిబండ్లు వచ్చాయి. గడ్డికి నాలుగు వేళ్లు మునగాలి. జానెడు మునిగింది.

అవతలి ఒడ్డున కోట వాకిలి కాసే వీరన్నతో, “ఈ గడ్డి బరువుగా ఉందిరా అల్లుడూ,” అన్నాడు.

“మంచుకు తడిసుంటుందిలే మామా. ఈ వయసులో నీకు గొంగళి కూడా బరువే,” అని వీరన్న నవ్వాడు.

గడ్డి పొడిగా ఉంది. పోలయ్య అది చూశాడు. అయినా తనూ నవ్వి, అవతల కాచుకున్న బండ్ల కోసం వెనక్కి తిరిగాడు. వీరన్న ఆ మాట కోట కావలికి అధికారి అయిన ఖిల్లేదారు చెవిన వేశాడు. ఖిల్లేదారు తల ఊపాడు.

ఎండ ఎక్కేసరికి గడ్డి కింద నుంచి కత్తులతో మనుషులు లేచారు. సంతలో నలభై మంది చనిపోయారు. వాళ్లలో ఆయుధం పట్టినవాడు ఒక్కడూ లేడు.

కోట దొర విచారణ జరిపాడు. “గడ్డి బరువుగా ఉందంటే ఏమనుకోవాలి?” అన్నాడు ఖిల్లేదారు. “నేను పైకి చెప్పాను,” అన్నాడు వీరన్న. దొర పోలయ్య వైపు తిరిగి, “అందరికన్నా ముందు చెప్పినవాడివి నువ్వు. నీ మీద నేరం లేదు, వెళ్లు,” అన్నాడు.

పోలయ్య కదల్లేదు.

“చెప్పాను దొరా. ఇవాళ ఎండగా ఉంది అన్నట్టు చెప్పాను. నా కూతురు ఆ సంతలో ఉండుంటే అలా చెప్పేవాణ్ణి కాదు.”

వీరన్న తలపాగా తీసి, వచ్చి పోలయ్య పక్కన నిలబడ్డాడు. అప్పుడు దొర గద్దె దిగాడు. వర్తకులు చిన్నబుచ్చుకుంటారని, సంతనాడు బండ్లు ఆపి వెతకవద్దని ఆజ్ఞ ఇచ్చింది ఆయనే. ఆయనా వచ్చి ఆ పడవమనిషి పక్కన తల దించుకుని నిలబడ్డాడు. తీర్పు చెప్పడానికి గద్దె మీద ఎవరూ లేరు. ఇద్దరు కొడుకులను పోగొట్టుకుని శిక్ష అడగడానికి వచ్చిన ముసలమ్మ, ఆ ముగ్గురినీ చూసి రెండు చేతులూ జోడించింది.

ఖిల్లేదారు మాత్రం కూర్చునే ఉన్నాడు.

స్వామి అక్కడ ఆపారు. “మరి మా పైఅధికారి మాటేమిటి స్వామీ?” అన్నాడు భుజంగరావు.

“ఖిల్లేదారు సంగతి ఖిల్లేదారుది,” అంటూ ఆయన కాగితం తిరిగి అతని చేతిలో పెట్టారు. “బల్లకట్టు ఎంత మునిగిందో చూసినవాడివి నువ్వు.”