రాజుగారికి కావలసిన స్నేహితుడు

ఒకానొక రాజ్యంలో అన్నీ ఉన్న రాజు ఒకడు ఉండేవాడు. ఆ రాజ్యం మణిగిరి, ఆ రాజు చండవిక్రముడు. ఏనుగులున్నాయి, కోటలున్నాయి, పొద్దున్నే పొగడడానికి మనుషులున్నారు. లేనిదల్లా ఒక్క స్నేహితుడు.

లేకపోతే నియమించుకోవచ్చు కదా అనుకున్నాడు రాజు. వెంటనే ఆస్థాన మిత్రుడు అని కొత్త కొలువు పెట్టాడు. ఆ పదవికి గొడుగు పట్టేవాడు, పల్లకీ, రెండు పూటలా రాజుతో భోజనం.

పదవిలో ఎవడూ నిలవలేదు. మొదట వచ్చినవాడు రాజు ఏమన్నా ఔనన్నాడు. వీడితో మాట్లాడితే గోడతో మాట్లాడినట్టుందని వాణ్ణి పంపేశారు. తరవాతివాడు ఒక్కసారి కాదన్నాడు, పొగరని వాణ్ణీ పంపేశారు. ఇంకొకడు పాపం మంచివాడే, కాని పులి కథ మధ్యలో కునుకు తీశాడు.

పులి కథంటే రాజు కుర్రతనంలో అడవిలో ఒక పులిని చెవి పట్టుకుని ఈడ్చుకొచ్చిన కథ. అది రోజూ సభలో చెప్పాల్సిందే. దానికోసం ఆశ్చర్యాధికారి అని ఒక ఉద్యోగి కూడా ఉండేవాడు. ఆయన చిన్న గంట మోగించగానే సభలో అందరూ ముక్కున వేలేసుకోవాలి. ముసలి మంత్రిగారికి అలా వేలేసి వేలేసి ముక్కు మీద కాయ కాసింది.

ఒకనాడు రాజు విసిగిపోయి, ఆస్థానంలో చమత్కారిగా పేరుపడ్డ పేరిభట్టును పిలిచాడు.

"భట్టూ, ఈ అమావాస్యలోగా నాకు తగిన స్నేహితుణ్ణి తేవాలి. తేలేకపోతే నీకు గుండు గీయించి, గాడిద మీద పొలిమేర దాటిస్తాను."

"ఎలాంటివాడు కావాలి ప్రభూ?"

"అచ్చం నాలాంటివాడు. మాటా, తీరూ, ఠీవీ అన్నీ నావే అయి ఉండాలి. అంతకు తక్కువైనవాడితో నాకు స్నేహమేమిటి?"

పేరిభట్టు నవ్వుతూనే సెలవు తీసుకున్నాడు. పుట్టి పెరిగిన ఊరు వదిలి పొమ్మంటే ఎక్కడికి పోతాడు? రాజు అన్నాడంటే గాడిదను తోలించే రకమే. దారంతా ఆలోచించి ఆలోచించి, చివరికి ఇంటికి వెళ్లకుండా అంతఃపురం వైపు నడిచాడు.

అమావాస్య రాకముందే సభ మధ్యలో ఒక తెర కట్టారు. తెర వెనక ఎవరో కూర్చున్నారు.

"దూరదేశపు రాజు, ప్రభూ" అన్నాడు పేరిభట్టు. "స్నేహం కుదిరేదాకా ముఖం చూపించడం వారి ఆచారం కాదు."

"చండవిక్రమా, కులాసానా?" అంది తెర వెనకనుంచి ఒక గొంతు.

"ఏమిటా గొంతు, కుండలోంచి వచ్చినట్టుంది?"

"గంభీరమైన గొంతు ప్రభూ, మనకు అలవాటు లేక అలా వినిపిస్తోంది."

రాజుకు సంతోషం వేసింది. గొంతు సవరించుకుని, "మిత్రమా, నేను కుర్రతనంలో ఒక పులిని..." అని మొదలుపెట్టాడు.

"పులా? ఆగాగు. నేను ఏనుగును తోక పట్టుకుని ఆపాను" అంది గొంతు. అని ఆ ఏనుగు కథ అందుకుంది. కథ నది దాటింది, కొండ ఎక్కింది, దిగింది. ఆశ్చర్యాధికారి ఎవరి కథకు గంట కొట్టాలో తెలియక గంట చంకలో పెట్టుకుని కూర్చున్నాడు.

పోనీ చదరంగం ఆడదామన్నాడు రాజు. రాజు ఎత్తులు పైకి చెబుతూ, తెర వెనకనుంచి చెప్పిన ఎత్తులు పేరిభట్టు జరుపుతున్నాడు. రాజు ఏనుగును ముందుకు తోసి "రాజుకు కట్టు" అనగానే, "నా కిందటి ఎత్తు ఆలోచిస్తూ వేసింది, లెక్కలోకి రాదు. వెనక్కి తీసుకుంటున్నా" అంది గొంతు.

రాజు ముఖం ఎర్రబడింది. "పొద్దుటినుంచి మోకాలు ఒకటే నొప్పి" అన్నాడు మాట మార్చడానికి.

"నీ మోకాలికేం? నా మోకాలు ఎలా ఉందని అడగవేం? సరే, నా గురించి నువ్వేమనుకుంటున్నావో చెప్పు."

"నువ్వు..."

"చాలు, నాకు తెలుసు. గొప్పవాణ్ణి."

రాజు చదరంగం బల్ల తోసేసి లేచాడు. "ఇలాంటి మనిషిని ఎవడైనా అరగంట భరించగలడా? కొత్వాలూ, ఇటు రా. చెప్పిన గొప్పే చెప్పుకునేవాణ్ణి, ఆటలో ఎత్తు వెనక్కి తీసుకునేవాణ్ణి, ప్రశ్న అడిగి జవాబు చెప్పనివ్వనివాణ్ణి ఈ క్షణమే పట్టుకుని, గుండు గీయించి, గాడిద ఎక్కించు."

కొత్వాలు కిందటి నెలే కొలువులో చేరాడు. చెప్పిన పని చెప్పినట్టు చేయడం తప్ప మరొకటి ఎరగడు. తెర వైపు ఒకసారి చూశాడు. రాజు వైపు చాలాసేపు చూశాడు. తరవాత దగ్గరకొచ్చి, చేతులు కట్టుకుని మెల్లగా అన్నాడు:

"గాడిద సిద్ధంగా ఉంది మహాప్రభూ. తమరు ఎక్కడానికి పీట తెప్పించమంటారా?"

ఆశ్చర్యాధికారి కంగారులో గంట కొట్టేశాడు. సభంతా ముక్కున వేలేసుకుంది.

రాజు కొత్వాలు మీద చెయ్యెత్తబోయి ఆగాడు. ఒక్కొక్కరి ముఖమే చూస్తూ వచ్చాడు. ఎవరూ తల ఎత్తలేదు.

"భట్టూ, నేను ఇలా ఉంటానా?"

"అచ్చం తమలాంటివాణ్ణి తెమ్మన్నారు, తెచ్చాను. తమకు అరగంట కష్టమైంది. మాకు అలవాటైపోయింది ప్రభూ."

తెర పక్కకు జరిగింది. ఒళ్లో కుండ పెట్టుకుని రాణి మాణిక్యాంబ కూర్చుని ఉంది.

"దేవీ, నువ్వా? నీకు చదరంగం వచ్చా?"

"పెళ్లికి ముందునుంచీ వచ్చు. మీరెప్పుడూ అడగలేదు."

ఆ మాట రాజుకు గుచ్చుకుంది. సిగ్గేసింది కూడా. "అది పులి కాదు, అడవిపిల్లి" అన్నాడు. "చెవి కూడా నేను పట్టుకోలేదు. అదే నా చెవి పట్టుకుంది."

ముందు రాణి నవ్వింది. తరవాత ముసలి మంత్రి, తరవాత సభంతా. చివరికి రాజు కూడా పొట్ట పట్టుకుని నవ్వాడు. చేతి కడియం తీసి పేరిభట్టుకు తొడిగి, "ఇకనుంచి ఆస్థాన మిత్రుడివి నువ్వే" అన్నాడు.

"కడియం ఉంచుకుంటాను ప్రభూ, పదవి వద్దు. నియమిస్తే వచ్చేది ఉద్యోగం. సాయంత్రం గొడుగూ పల్లకీ లేకుండా మా ఇంటికి భోజనానికి రండి, చూద్దాం."

రాజు వెళ్లాడు. పీట మీద కూర్చుని నాలుగు ముద్దలు తిని, పప్పులో ఉప్పు తక్కువైందన్నాడు. పేరిభట్టు భార్య సుబ్బాంబ గరిటె పట్టుకునే, "సరిగ్గానే ఉంది మహారాజా, కోటలో ఉప్పెక్కువ తిని మీ నోరు అలవాటు పడింది" అంది.

పేరిభట్టు బిగుసుకుపోయాడు. రాజు ఇంకో ముద్ద నోట్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని నమిలాడు.

"నిజమే" అని, మళ్లీ కాస్త పప్పు వెయ్యమని విస్తరి ముందుకు జరిపాడు.