వానబండికి చెంబెడు కూలి

అనగనగా, మబ్బులు కొండ దిగి నేల మీద నడిచే కాలంలో, మంచుకనుమ అని ఒక కొండదారి ఉండేది. ఆ దారికి మూడు మలుపులు. మలుపుకొకటి చొప్పున మూడు కొట్టాలు. అన్నీ బండ్లు బాగుచేసే కొట్టాలే. మంచు ఆ దారిని ఎప్పుడూ వదిలేది కాదు. మిట్టమధ్యాహ్నం కూడా అక్కడ అప్పుడే తెల్లవారుతున్నట్టు ఉండేది. బండి కనిపించక ముందే దాని చప్పుడు వినిపించేది. బండి వెళ్ళిపోయాక చాలాసేపటికి ఎద్దుల మెడలో గంటలు వినిపించేవి. అలాంటి చోటు అది.

కనుమ దిగితే ఏడు ఊళ్ళు. ఏడాదికి ఒక్కసారి ఆ ఏడు ఊళ్ళకూ వాన తెచ్చేది వానమ్మ. ఆమెకొక బండి, బండికి రెండు తెల్లని ఎద్దులు, బండిలో ఏడు కుండలు. ఊరికొక కుండ. పొలిమేరలో కుండ వంచితే ఆ ఊరంతా వాన. ఆ ఎద్దులు మాట్లాడేవి కూడా. మంచులో ఎవరు మాట్లాడారో తెలియదు గనుక ఎవరూ ఆశ్చర్యపోయేవారు కాదు.

ఆమె ఊళ్ళన్నీ చుట్టి వచ్చే వరసలో చివరి ఊరు నీరెండపల్లె. ఆ ఊరి పైనే, మూడో మలుపులో, కాళమ్మ కొట్టం.

కాళమ్మకు ఆ పని తండ్రి నుంచి వచ్చింది. ఎవరైనా బండి తోలుకొస్తే ఆమె ముందుగా చెక్క చెక్కే బాడిశ అందుకునేది కాదు. బండి పక్కన వంద అడుగులు నడిచేది. చెవి వంచి వినేది. జబ్బు ఎక్కడో తెలిశాక ధర చెప్పేది. అదీ రెండు మాటలుగా చెప్పేది. సామానుకు ఇంత, నా పనికి ఇంత అని.

మొదటి మాట అందరికీ నచ్చేది. రెండో మాట ఎవరికీ నచ్చేది కాదు.

"వినడానికి కూలి ఏందమ్మా, చెవులు నాకూ ఉండాయి కదా" అని బండివాళ్ళు మూతి ముడుచుకుని వెళ్ళిపోయేవారు.

జనం సంగతి మీకు తెలియనిదేముంది. కొత్త చక్రం చూపిస్తే మూట విప్పుతారు. పనితనం చూపిస్తే ముఖం తిప్పుతారు. పై మలుపుల్లో ఉన్న గురవాచారి, నందాచారి ఈ గుట్టు ఏనాడో కనిపెట్టారు. వాళ్ళు పనికి కూలి అడిగేవారే కాదు. పైసా కూడా వద్దనేవారు. ఆ కూలిని సామాను ధరలో కలిపేసేవారు. కలపడం అలవాటయ్యాక ఇంకాస్త కలిపేవారు. ఆ తర్వాత, మార్చనక్కరలేని సామాను కూడా మార్చడం మొదలుపెట్టారు.

ఆ కనుమలో ఒక పాత కట్టుబాటు ఉండేది. బండి నుంచి విప్పిన సామానును బండివారి కాళ్ళ దగ్గర పెట్టాలి. పెట్టకపోతే పుచ్చుకున్న ధర తిరిగి ఇచ్చెయ్యాలి. కాళమ్మ విరిగిన మేకును కూడా తుడిచి కాళ్ళ దగ్గర పెట్టేది. పైవాళ్ళిద్దరూ మాత్రం మంచులో ఎవరు చూడొచ్చారులే అని ఆ సంగతే మరచిపోయారు.

ఒక ఏడాది ఎండలు బాగా ముదిరాయి. నీరెండపల్లెలో బావులన్నీ అడుగంటాయి. చెంబు దింపితే చెంబు మట్టితో పైకి వచ్చేది. కాళమ్మ కొట్టం ముందు ఒక సొరపాదు ఉండేది. దానికి కొలిమి తొట్టిలో మిగిలిన నీళ్ళు పోసేది. ఆ నీళ్ళూ అయిపోయాయి. ఊరంతా కనుమ వైపే చూస్తూ కూర్చుంది.

ఒకనాటి ఉదయం మంచులోంచి చప్పుడు వినిపించింది. కిర్రు, కిర్రు, కిర్రు. వానమ్మ బండి దిగుతోంది. ఎడమ చక్రం ఊగుతోంది. ఊగినప్పుడల్లా కుండల్లో నీళ్ళు తొణుకుతున్నాయి.

మొదటి మలుపులో గురవాచారి ఎదురొచ్చాడు. చక్రాన్ని వేలితో రెండుసార్లు కొట్టి చూశాడు.

"పోయింది తల్లీ. చక్రం మొత్తం పోయింది. కొత్తది వేస్తాను. కూలి మాత్రం ఒక్క చుక్క కూడా వద్దు, మీ దగ్గర తీసుకుంటానా? చక్రానికి రెండు కుండలు ఇప్పించండి."

వానమ్మకు నీటి లెక్క తెలుసు గాని కొయ్య లెక్క తెలియదు. సరేనంది. బండి కదిలింది. నాలుగు బారలు పోయిందో లేదో, మళ్ళీ కిర్రుమంది.

రెండో మలుపులో నందాచారి ఎదురొచ్చాడు. వంగి చూశాడు, నిట్టూర్చాడు.

"చక్రం బంగారం లాగుంది తల్లీ. ఇరుసే పోయింది. పై మలుపులో అన్న దగ్గర చక్రానికి రెండిచ్చారు గదా, నాకూ ఆ రెండే ఇవ్వండి. కూలి నేనూ అడగను."

ఇరుసు మారింది. రెండు కుండలు దిగాయి. బండి కదిలింది. మళ్ళీ కిర్రు, కిర్రు.

మూడో మలుపు దగ్గరకు వచ్చేసరికి బండిలో మూడు కుండలే ఉన్నాయి. నీరెండపల్లె వాళ్ళు దారి పక్కన నిలబడి ఉన్నారు. వాళ్ళకు లెక్క చెప్పనక్కరలేదు. మూడు కుండలు మొదటి మూడు ఊళ్ళకు. ఏడో ఊరికి ఏమీ లేదు.

ఊరి పెద్ద పుల్లప్ప తాత కాళమ్మ కొట్టంలోకి వచ్చి, గొంతు తగ్గించి అన్నాడు.

"అమ్మీ, వానమ్మ బండి నీ చేతిలోకి వస్తా ఉంది. ఎంతడిగినా ఇస్తాది. ఒక్క కుండ అడుగు. పైవాళ్ళు రెండేసి తీసుకున్నారు, నువ్వు అడిగేది ఒకటే గదా. ఊరు బతుకుతాది."

తాత తన కోసం అడగడం లేదని కాళమ్మకు తెలుసు. ఆ ఊళ్ళో ఆమె అక్క ఉంది, అక్క పిల్లలున్నారు. పొద్దున్నే వాళ్ళ నాలుకలు తెల్లగా ఉండటం ఆమె తన కళ్ళతో చూసింది.

"ముందు బండిని విననీ తాతా" అంది.

బండి పక్కన నడిచింది. పది అడుగులు, ఇరవై అడుగులు, వంద అడుగులు. మంచు ఆమె చీర అంచును పట్టుకుని వెంట వచ్చింది. చెవి వంచి వింది. చివరికి చక్రం నడుమ వేలు పెట్టి తడిమింది.

ఇరుసు చివర, చక్రం జారిపోకుండా ఒక చీల ఉంటుంది. చిటికెన వేలంత కొయ్యముక్క. అది అరిగి సన్నబడింది. అందుకే చక్రం అటూ ఇటూ జారుతోంది, ఊగుతోంది, కిర్రుమంటోంది. పైవాళ్ళు చక్రం మార్చారు, ఇరుసు మార్చారు. చీలకు ఎంతని అడుగుతారు, ఎవరిస్తారు? అందుకని ఆ పాత చీలనే మళ్ళీ దిగ్గొట్టి పంపారు.

కాళమ్మకు ఇంకొకటి కూడా కనిపించింది. కాడి దింపేసరికి, ఎడమ ఎద్దు వెనక్కి తిరిగి కొత్త చక్రాన్ని నాకుతోంది.

"ఏమిటయ్యా అది?" అని అడిగింది వానమ్మ.

"ఉప్పగా ఉంది" అంది ఎద్దు. కుడి ఎద్దు కూడా తిరిగి నాకింది. "బాగుంది" అంది.

కాళమ్మ నవ్వాపుకుంది. "ఇది కొత్త చక్రం కాదు తల్లీ. ఉప్పు బండిది. ఏళ్ళ తరబడి ఉప్పు మోసిన చక్రం. ఆ ఇరుసు కూడా చూడండి, చీమలు బారులు కట్టాయి. బెల్లం బండిది అయివుంటుంది. మీ చక్రం, మీ ఇరుసు మీ కాళ్ళ దగ్గర పెట్టారా?"

"పెట్టలేదు."

"మరి వాటికేం జబ్బూ లేదు. జబ్బు చీలది." అరిగిన చీలను తీసి, తుడిచి, వానమ్మ కాళ్ళ దగ్గర పెట్టింది.

పుల్లప్ప తాత దగ్గాడు. కాళమ్మ ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. ఒక కుండ అని అనడానికి ఎంతసేపు? నాలుక చివర దాకా వచ్చింది ఆ మాట. చెప్పాలంటే, వాన అంతా ఆ మాట వెనకే ఉంది.

"తుమ్మచెక్కతో కొత్త చీల చేస్తాను" అంది కళ్ళు తెరిచి. "చెక్కకు దోసెడు నీళ్ళు. విన్నందుకూ, చేసి బిగించినందుకూ నా కూలి ఒక చెంబు."

"వినడానికి కూడా కూలా?" అంది వానమ్మ.

"అసలు కూలి దానికే తల్లీ. కొట్టడానికి పది దెబ్బలు చాలు. ఎక్కడ కొట్టాలో తెలియడానికి నాకు ఇరవై ఏళ్ళు పట్టింది."

"పైవాళ్ళు కూలి వద్దన్నారే."

"వద్దన్నవాళ్ళు ఎంత తీసుకున్నారో మీకే తెలుసు."

వానమ్మ అరిగిన చీలను చేతిలోకి తీసుకుంది. "నీ ఊరికి వాన లేదని తెలిసి కూడా ఒక చెంబే అడుగుతున్నావా?"

"ఊరి మీద నాకు ప్రాణం" అంది కాళమ్మ. "కానీ ఈ చీల కుండెడు విలువ చెయ్యదు. చేస్తుందని నేను అనలేను."

పుల్లప్ప తాత కర్ర నేలకు కొట్టి వెళ్ళిపోయాడు. అక్క కూడా తల తిప్పుకుంది. కాళమ్మ ఎవరినీ చూడకుండా చెక్క చెక్కింది, చీల బిగించింది.

వానమ్మ బండిని వెనక్కి తిప్పింది. ఎక్కేటప్పుడు చక్రం కిక్కురుమనలేదు. నేరుగా నందాచారి కొట్టం ముందుకు పోయి, కట్టుబాటు గుర్తుచేసి, దారి మధ్యలో కూర్చుంది. ఆమె కూర్చుంటే మంచు కూడా కూర్చుంది. ఎంత దట్టంగా కూర్చుందంటే, నందాచారికి తన సుత్తి ఎక్కడుందో కనిపించలేదు. బండివాళ్ళకు అతని కొట్టం ఎక్కడుందో కనిపించలేదు. ఒక రోజు గడిచింది. రెండు రోజులు గడిచాయి. బేరం లేదు. మూడో రోజు అతను తడుముకుంటూ వచ్చి ఆమె ఇరుసును ఆమె కాళ్ళ దగ్గర పెట్టి, తన చేతులతోనే మళ్ళీ బిగించాడు. కుండ మాత్రం ఒకటే ఇచ్చాడు.

"రెండోది?"

"లోపల ఎట్లుంటాదో చూద్దామని కాస్త వంచానమ్మా" అన్నాడు తల వంచుకుని. ఒక ఊరికి పడాల్సిన వాన అతని కొట్టంలో ఒక్కసారిగా పడింది. కొలిమి ఆరిపోయింది, తిత్తులు ఉబ్బి పగిలాయి. నీళ్ళన్నీ లోయలోకి పోయాయి.

గురవాచారి దగ్గర అంతసేపు కూర్చోనక్కరలేకపోయింది. చక్రం అమ్మేశానని అతను బుకాయించాడు. కానీ ఏళ్ళుగా వానలో తడిసిన చక్రం అది. దాన్ని దాచిన చోట గోడ నడివేసవిలో పచ్చగా నాచు పట్టి ఉంది. చక్రమూ వచ్చింది, రెండు కుండలూ వచ్చాయి. విప్పినవాడే బిగించి పంపాడు.

ఇప్పుడు బండిలో ఆరు కుండలు. ఊళ్ళు ఏడు. వానమ్మ మూడో మలుపులో ఆగి కాళమ్మకు దోసెడు నీళ్ళు, చెంబు నీళ్ళు కొలిచి ఇచ్చింది. బండిని కిందికి తోలుకుపోయింది.

నీరెండపల్లె వాళ్ళు పొలిమేరలో కూర్చున్నారు. దూరంగా ఒక ఊళ్ళో వాన పడింది. తర్వాత ఇంకో ఊళ్ళో. ఆరో ఊళ్ళో కూడా పడింది. ఇక లేచి ఇళ్ళకు పోదామని పుల్లప్ప తాత లేచాడు.

అప్పుడు బండి వచ్చింది. చప్పుడు లేకుండా రావడం వల్ల ఎద్దులు ఎదురుగా నిలబడేదాకా ఎవరికీ తెలియలేదు.

"మాకు కుండ లేదు గదమ్మా" అన్నాడు తాత.

"లేదు" అంది వానమ్మ. "ఎన్నో ఏళ్ళుగా ఈ చక్రం ఊగుతూనే ఉంది. కొండ దిగేసరికి ప్రతి కుండలోనూ మూడో వంతు దారిలోనే ఒలికిపోయేది. ఊళ్ళకు ఎప్పుడూ మిగిలినదే చేరేది. ఈ ఏడాది చీల మార్చాక ఒక్క చుక్క ఒలకలేదు. ఏటా ఇచ్చినంత ఆరు ఊళ్ళకూ ఇచ్చాను. ప్రతి కుండలోనూ ఇంత మిగిలింది."

ఆరు కుండల్లో మిగిలినవన్నీ ఆమె ఒకదాని తర్వాత ఒకటి నీరెండపల్లె మీద వంచింది. మూడు పగళ్ళు వాన కురిసింది. అంత వాన ఆ ఊరు తాతల నాటి నుంచి చూడలేదు. పుల్లప్ప తాత వానలో నిలబడి ఏడ్చాడు. వానలో కాబట్టి ఎవరికీ కనిపించలేదని ఆయన అనుకున్నాడు. తర్వాత తడుస్తూనే కొండెక్కి కాళమ్మ కొట్టానికి వచ్చాడు.

"అమ్మీ, ఆ పొద్దు నేను అడగకూడనిది అడిగితి" అన్నాడు.

"ఊరి కోసం అడిగినావులే తాతా, కూర్చో" అంది కాళమ్మ. ఆమె తన చెంబు నీళ్ళు సొరపాదుకు పోస్తోంది. అది ఆమె కూలి. ఆమె ఇష్టం.

పిల్లలూ, సామానుకు ఎంతో, పనికి ఎంతో విడివిడిగా ముఖం మీద చెప్పగలిగినదే న్యాయమైన ధర. అలా చెప్పినవారి కూలి చెంబెడే అయినా, వారి పనితనం ఊరంతటినీ కాపాడుతుంది.